వాకర్ అంటే నడిచేవాడు కాదా? (వాకర్, ఫుల్లర్, టక్కర్ ఇంటిపేర్ల గొడవ)

రవ్వట్టు_రాజా
ఒక పందెం తీర్చిపెట్టాలి మీరు. ఆదివారం మా బావమరిది దుబాయ్ నుంచి వస్తూ ఎయిర్‌పోర్టులో కొన్న జానీ వాకర్ బాటిల్ టేబుల్ మీద పెట్టాడు. దాని మీద పొడుగు టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని చకచకా నడిచిపోతున్న దొర బొమ్మ ఉంటుంది కదా, అది చూపించి "వీళ్ళ తాతల్లో ఎవడో ఊరూరూ నడిచి ఉత్తరాలు పంచేవాడు, అందుకే వాకర్ అన్నారు" అని తేల్చేశాడు. నేను కాదన్నాను, ఎందుకు కాదో మాత్రం చెప్పలేకపోయాను. స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, అక్కడితో నా జ్ఞానం ఆఖరు. పందెం రెండు బిర్యానీలు, త్వరగా తేల్చండి.

పాతమాట
పందెంలో ముప్పాతిక మీది, పాతిక మీ బావమరిదిది. ఆ పేరులో కాళ్ళున్నాయి కానీ నడక లేదు.

వాకర్ అంటే ఉన్ని బట్టని తొక్కేవాడు. మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్ట అప్పటికప్పుడు ఒంటి మీద వేసుకునేలా ఉండదు, గొర్రె ఒంటి జిడ్డు, వడికేటప్పుడు పూసిన నూనె, దుమ్ము అన్నీ అందులోనే ఉంటాయి, పోగుల మధ్య సందుల్లోంచి అవతలి మనిషి కనిపిస్తాడు. దాన్ని తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, జిడ్డు లాగే సరుకేదైనా కలిపి గంటల తరబడి కాళ్ళతో తొక్కాలి. తొక్కేకొద్దీ జిడ్డు వదులుతుంది, ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, బట్ట ముడుచుకుని దళసరిగా, వాన దిగనంత గట్టిగా తయారవుతుంది. పాత ఇంగ్లీషులో ఈ పనివాడి పేరు 'వెయల్కెరె'. దాని వెనకున్న క్రియకి అర్థం దొర్లించడం, అటూ ఇటూ కదపడం. అదే క్రియ తర్వాతి రోజుల్లో మెల్లగా మామూలు నడకకి జారి ఇవాళ్టి 'వాక్' అయింది. మాట మారింది, ఇంటిపేరు మారలేదు.

ఇక ఆ బొమ్మ సంగతి. జాన్ వాకర్ అనే కుర్రాడు 1820లో స్కాట్లండ్‌లోని కిల్మార్నాక్‌లో కిరాణా కొట్టు పెట్టాడు. నడిచే దొర బొమ్మ వచ్చింది 1908లో, టామ్ బ్రౌన్ అనే చిత్రకారుడు గీశాడు. అంటే అది పేరు మీద ఆడిన చమత్కారం, వంశచరిత్ర కాదు.

రవ్వట్టు_రాజా
మాస్టారూ, ఒకటిన్నర బిర్యానీ నాదన్నమాట. స్క్రీన్‌షాట్ తీసి పంపేశా.

అడ్డంగా_అడుగుతా
తొందరపడకండి. పాత రోజుల్లో రాజుగారి అడవుల్లో గస్తీ తిరిగే ఉద్యోగిని కూడా వాకర్ అనేవారు. అది ఇంటిపేరు ఎందుకు కాకూడదు? నడిచేవాడే కదా?

పాతమాట
కాకూడదని రూలేం లేదు. ఒకటీ అరా కుటుంబాలకి అలా వచ్చి ఉంటే ఉండొచ్చు. కానీ అడవికి ఒకడో ఇద్దరో గస్తీవాళ్ళుంటే, బట్ట తొక్కేవాడు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉండాల్సిందే. అసలు సాక్ష్యం మ్యాప్‌లో ఉంది. ఈ ఒక్క పనికి ఇంగ్లండులో మూడు పేర్లు. ఆగ్నేయంలోనూ తూర్పు ఆంగ్లియాలోనూ ఫుల్లర్. డెవన్, సోమర్సెట్ లాంటి నైరుతి జిల్లాల్లో టక్కర్. ఉత్తరాన, మధ్య జిల్లాల్లో, స్కాట్లండ్ పల్లపు ప్రాంతాల్లో వాకర్. ఫుల్లర్ లాటిన్ 'ఫుల్లో' నుంచి దిగింది, టక్కర్ పాత ఇంగ్లీషు 'టూకియన్' నుంచి, దాని అర్థం హింసించడం! బట్టని అంత హింస పెడతారు మరి. ఇంటిపేరు నిలవడం మొదలైన కాలంలో, అంటే దాదాపు 13, 14 శతాబ్దాల్లో, ఏ ప్రాంతంలో ఈ పనికి ఏ మాట వాడుకలో ఉంటే ఆ ఇంటిపేరు మిగిలింది. గస్తీ నడకే మూలమైతే వాకర్లు అడవుల చుట్టూ ఉండాలి, ఉన్ని ఊళ్ళ చుట్టూ కాదు.

డెవన్‌లోని ఎక్సెటర్‌లో టక్కర్స్ హాల్ అని ఇప్పటికీ ఉంది. నేతగాళ్ళు, బట్ట తొక్కేవాళ్ళు, బట్ట నూగు కత్తిరించేవాళ్ళు కలిసి 1471లో కట్టుకున్నది.

అడ్డంగా_అడుగుతా
సరే, మ్యాప్ మాట ఒప్పుకుంటున్నా. అర బిర్యానీ నాకు రావాలి, ప్రశ్న నాది కాబట్టి.

లంకషైర్_లక్ష్మి
నేను ఉండేది ఇంగ్లండులో, లంకషైర్ జిల్లా హెల్మ్‌షోర్ అనే ఊరికి దగ్గర్లో. అక్కడి మిల్లు మ్యూజియంలో 1789లో కట్టిన ఈ తొక్కుడు మిల్లే ఉంది, పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. కాళ్ళతో తొక్కే పనిని నీటి చక్రంతో చేయించడం ఇంగ్లండులో 12వ శతాబ్దం చివరికే వచ్చేసిందట. 1185లో టెంప్లర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసులు తమ ఆస్తులు రాయించినప్పుడు అందులో ఇలాంటి మిల్లులు లెక్కకొచ్చాయి. పక్కన ఏరు, ఏటి నీళ్ళతో తిరిగే పెద్ద చక్రం, ఆ చక్రం లేపి వదిలే కొయ్య సుత్తులు. సుత్తి అంటే చేతిలో పట్టేది అనుకునేరు, మన రోకలిని నాలుగింతలు చేసి ముందు భాగం మెట్లు మెట్లుగా చెక్కినట్టుంటుంది. ఆ మెట్ల వల్ల బట్ట ఒకే చోట నలగకుండా ప్రతి దెబ్బకీ తొట్టిలో కొంచెం కొంచెం తిరుగుతుంది. దెబ్బ పడితే కింద నేల అదిరింది, మా చిన్నది చెవులు మూసుకుంది.

ఇంతలో అక్కడి గైడు ఒక పీపా చూపించి ఇందులో ఏముండేదో చెప్పండి అంది. పిల్లలు సబ్బు, నూనె, నీళ్ళు అని ఏవేవో అన్నారు. మూత్రం! ఇంటింటికీ తిరిగి పోగుచేసి, కొన్నాళ్ళు నిలవ ఉంచితే అమ్మోనియా పుట్టి జిడ్డుని విరుస్తుంది. మావాళ్ళు వారం రోజులు స్కూల్లో ఇదే కథ చెప్పుకున్నారు.

కాకినాడ_కెమిస్ట్రీ
లక్ష్మిగారూ, రోమన్లు అంతకంటే ముదుర్లు. పాంపేలో బట్ట తొక్కే పనిశాల మొత్తం, తొట్లతో సహా బయటపడింది. వెస్పాసియన్ చక్రవర్తి ఏకంగా మూత్రం మీద పన్ను వేశాడు, కొడుకు ఛీ అంటే నాణెం ముక్కు దగ్గర పెట్టి వాసనొస్తోందా అని అడిగాడని చెబుతారు.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. మూత్రం తర్వాత జిడ్డు లాగడానికి వాడిన సరుకు ఒక రకం మట్టి. ఇంగ్లీషులో దాని పేరు ఫుల్లర్స్ ఎర్త్, అంటే ఫుల్లర్ మట్టి. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి అదే! బట్టల జిడ్డు పీల్చేది ముఖం జిడ్డు పీల్చదా? మన దగ్గర చాకళ్ళు వాడిన చౌడు మట్టి వేరు, అది క్షారంతో పని చేస్తుంది, ఇది పీల్చుకుని పని చేస్తుంది. ఇంగ్లండులో సర్రే జిల్లా రెడ్‌హిల్ దగ్గర దీని గనులుండేవి. ఒకప్పుడు పోటీ దేశాల బట్ట బాగుపడిపోతుందన్న భయంతో ఈ మట్టిని దేశం దాటించడమే నిషేధించారు.

నేను వంటనూనె రిఫైనరీలో పని చేస్తాను. పామాయిల్ ఓడ దిగినప్పుడు ఎర్రగా ఉంటుంది. వేడి నూనెలో ఈ జాతి మట్టి పొడి కలిపి, ఫిల్టర్ ప్రెస్‌లోంచి తీస్తే నూనె తేటపడుతుంది, ప్రెస్ గుడ్డల మధ్య నల్లటి అచ్చులు మిగులుతాయి. అవి గీకేటప్పుడు వచ్చే వాసన నాలుగు రోజులు షర్టుని వదలదు. ఎనిమిదొందల ఏళ్ళ కిందటి ఫుల్లర్ గారి పనే చేస్తున్నానని ఇవాళే తెలిసింది, జీతం పెంచమని అడగాలి.

నేత_మనవడు
మాది చీరాల వైపు, మా తాత నేతగాడు. నాకొక డౌటు. మా ఇంట్లో ఈ తొక్కుడు ఎప్పుడూ వినలేదే? పడుగుకి గంజి పెట్టడం, ఆరబెట్టడం, అచ్చు కట్టడం, ఇవన్నీ చూశాను. నేసిన తర్వాత మడత పెట్టి షావుకారుకి ఇచ్చేయడమే.

కాకినాడ_కెమిస్ట్రీ
మీది నూలు కదండీ. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, తడి, వేడి, రాపిడి తగిలితే అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. స్వెట్టర్ వాషింగ్ మెషీన్‌లో వేసి పాడుచేసుకున్న వాళ్ళందరూ ఈ పని చేసినవాళ్ళే. పత్తికి పొలుసులు లేవు, ఎంత తొక్కినా మాసిన బట్టే మిగులుతుంది.

లంకషైర్_లక్ష్మి
ఇంకొకటి మర్చిపోయా. తొక్కాక బట్ట ముడుచుకుంటుంది కదా, దాన్ని మళ్ళీ కొలతకి సాగదీసి ఆరబెట్టాలి. పొలాల్లో కొయ్య చట్రాలు వరసగా పాతి, వంకీ మేకులకి అంచులు తగిలించి లాగి కట్టేవారు. ఆ చట్రం పేరు టెంటర్. ఇక్కడ చాలా ఊళ్ళల్లో టెంటర్ పేరుతో వీధులున్నాయి. ఎవరైనా ఆందోళనలో ఉంటే 'టెంటర్ మేకుల మీద ఉన్నాడు' అంటారు.

పాతమాట
టెంటర్‌కీ మనం రోజూ వాడే టెన్షన్‌కీ తల్లి ఒక్కటే, లాటిన్‌లో సాగదీయడం అనే క్రియ. కాబట్టి 'టెన్షన్ పెట్టకు' అన్నప్పుడల్లా మనమూ ఆ పొలంలోనే ఉన్నాం.

ఉన్ని ఊళ్ళు వదిలిపెట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. నేసేవాడు వెబ్ లేదా వెబ్‌స్టర్. రంగులద్దేవాడు ఉత్తరాన లిస్టర్, మిగతా చోట్ల డయ్యర్. అవును, జలియన్‌వాలా బాగ్ డయ్యర్ ఇంటిపేరుకి అర్థం అద్దకంవాడని. బట్ట మీద లేచిన నూగు సమంగా కత్తిరించేవాడు షేర్‌మన్, అదే షెర్మన్, యుద్ధ ట్యాంకుకి కూడా ఎక్కింది. వేల్స్‌లో ఈ మిల్లుని 'పండి' అంటారు, టోనిపండి అనే బొగ్గు ఊరి పేరులో ఉన్నది అదే.

లెక్కల_పంతులు
పేర్ల మూలాలు బాగున్నాయి, పేరు మోసిన మనుషుల్ని వదిలేశారు. నాకిష్టమైన ఫుల్లర్ గురించి చెబుతా.

థామస్ ఫుల్లర్. 1710 ప్రాంతంలో ఆఫ్రికాలో పుట్టాడు. పద్నాలుగేళ్ళప్పుడు బానిసగా అమెరికా తెచ్చారు, వర్జీనియాలో పొలంలో బతికాడు, 1790లో పోయాడు. చదవడం, రాయడం రెండూ రావు. డెబ్బై దాటాక ఇద్దరు పెద్దమనుషులు పరీక్ష పెట్టడానికి వెళ్ళారు. 70 ఏళ్ళ 17 రోజుల 12 గంటలు బతికిన మనిషి ఎన్ని సెకన్లు బతికినట్టు అని అడిగారు. ఒకటిన్నర నిమిషంలో 2,21,05,00,800 అన్నాడు. కాగితం మీద లెక్క చేస్తున్న పెద్దమనిషి "తప్పు, అంత రాదు" అన్నాడు. "లీపు సంవత్సరాలు మర్చిపోయారు దొరా" అన్నాడు ముసలాయన. కలిపి చూస్తే సరిపోయింది.

నమ్మకం లేక నేనూ చేశాను. 70 ఏళ్ళకి 25,550 రోజులు, 17 లీపు రోజులు కలిపితే 25,567, పైన పదిహేడున్నర కలిపితే 25,584.5. ఒక్కో రోజుకి 86,400 సెకన్లు. ఫోన్ కాలిక్యులేటర్ అక్షరాలా అదే చూపించింది. రేపు తొమ్మిదో తరగతికి ఇదే ఇస్తా, లీపు సంవత్సరం ఎవరు పట్టుకుంటారో చూడాలి.

గొంగడి_భుజం
ఆయన ఇంటిపేరు ఫుల్లర్ అంటే ఆఫ్రికాలో వాళ్ళు బట్ట తొక్కేవాళ్ళని కాదు కదా అన్నా. బానిసత్వంలో తగిలిన పేరు. పేరు పక్కన వృత్తి ఉంది, ఆ వృత్తికీ ఆయనకీ ఏమీ లేదు. ఇంగ్లీషు ఇంటిపేర్లను ముచ్చటగా చెప్పుకునేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి.

లంకషైర్_లక్ష్మి
అవును. మేడమ్ సి. జె. వాకర్ కూడా అంతే. పుట్టినపేరు సారా బ్రీడ్‌లవ్, 1867లో లూసియానాలో, ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ. భర్త పోయాక ఏళ్ళ తరబడి బట్టలుతికి కూతుర్ని పెంచింది. తర్వాత నల్లజాతి ఆడవాళ్ళ జుట్టుకి పనికొచ్చే సరుకు తయారుచేసి, ఊరూరా అమ్మకపు ఏజెంట్లని పెట్టి, 1919లో పోయేనాటికి అమెరికాలోనే పేరున్న వ్యాపారస్తురాలు. వాకర్ ఆవిడ మూడో భర్త ఇంటిపేరు. నిజంగా బట్టలు ఉతికిన రోజుల్లో ఆవిడ వాకర్ కాదు.

అడ్డంగా_అడుగుతా
మిగతావాళ్ళని నేను గబగబా చెప్పేస్తా. అగ్గిపుల్ల కనిపెట్టినవాడు జాన్ వాకర్, స్టాక్టన్‌లో మందుల షాపు, 1827లో అమ్మకం మొదలు, పేటెంట్ తీసుకోలేదు పాపం. జార్జ్ బుష్ పేర్ల మధ్యలో ఉన్న డబ్ల్యూ అంటే వాకర్, పెద్ద బుష్ తల్లి వైపు నుంచి. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళాకారపు గుమ్మటాలు కట్టాడు, 1985లో అదే ఆకారంలో 60 కార్బన్ పరమాణువుల ముద్ద దొరికితే ఆయన పేరే పెట్టారు, 1996లో దానికి నోబెల్. హిందీ హాస్యనటుడు జానీ వాకర్ అసలు పేరు బద్రుద్దీన్ కాజీ, బొంబాయి బస్సు కండక్టరు, తాగుబోతు వేషాలకి ఆ పేరొచ్చింది, ఆయన మాత్రం ముట్టేవాడు కాదు. ఇంకెవరైనా మిగిలారా?

లెక్కల_పంతులు
అసలు మనకి కావాల్సిన వాకర్‌ని వదిలేశారు! గిల్బర్ట్ వాకర్. 1868లో ఉన్నికి పేరున్న రోచ్‌డేల్‌లో పుట్టాడు, లక్ష్మిగారి పక్క ఊరేనేమో. కేంబ్రిడ్జ్ లెక్కల పరీక్షలో మొదటివాడు, బూమరాంగ్ విసరడం పిచ్చి. వాతావరణశాస్త్రం చదవకుండానే 1904లో భారతదేశపు వాతావరణ శాఖకి పెద్దగా వచ్చాడు. 1899 నాటి కరువు ఇంకా ఎవరూ మర్చిపోలేదు, రుతుపవనాలు ఎప్పుడు మొండికేస్తాయో ముందే చెప్పాలి. ఆయన సిద్ధాంతాలు పక్కన పెట్టి ప్రపంచం నలుమూలల గాలి పీడనం, వానల అంకెలు తెప్పించి, గుమాస్తాల చేత చేతిలెక్కలు చేయించి పొంతన వెతికాడు. పసిఫిక్‌లో ఒక పక్క పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, తక్కెడలాగా. ఈ తక్కెడకి దక్షిణ డోలనం అని పేరు పెట్టింది ఆయనే. 1969లో బ్యెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త దాన్ని ఎల్‌నినోతో కలిపి, పసిఫిక్ మీది గాలి చక్రానికి వాకర్ చక్రం అన్నాడు. ఈ ఏడు ఎల్‌నినో అట, వానలు ఎలా ఉంటాయో అని మన రైతు టీవీ ముందు కూర్చుంటే, ఆ మాట వెనక ఉన్నది ఈ వాకరే.

ఇంకొకటి కూడా. 1913 ఫిబ్రవరిలో ఆయన మద్రాసు వచ్చినప్పుడు పోర్ట్ ట్రస్ట్ గుమాస్తా ఒకడి నోటు పుస్తకాలు చూపించారు. ఇతన్ని లెక్కలు చేసుకోనివ్వండి, ఉద్యోగం నుంచి తప్పించండి అని యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. గుమాస్తా పేరు రామానుజన్.

రవ్వట్టు_రాజా
బిర్యానీ గొడవ ఎక్కడికి పోయింది మాస్టారూ, నాకు ఒళ్ళు జలదరించింది.

నేత_మనవడు
టక్కర్‌కీ మా వైపు లింకుంది. బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం. 1910ల్లో ఎరుకల కుటుంబాల్ని నేరస్థ జాతుల చట్టం కింద తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టారు. అప్పుడు ఆ సంస్థకి ఇండియాలో పెద్ద ఫ్రెడరిక్ బూత్ టక్కర్, కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాయన. ఊరి పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్‌ది. స్టువర్ట్ కూడా వృత్తి పేరే అని విన్నాను?

పాతమాట
నిజమే, ఇంటి వ్యవహారాలు చూసే స్టీవర్డ్. ఇద్దరి పేర్లలోనూ వృత్తి ఉంది, ఆ వృత్తి గురించి వాళ్ళని అడిగినవాడు లేడు. అదే కాలంలో అదే ఊళ్ళో పుట్టిన బిడ్డకి పేరు కూడా పెట్టకముందే నేరస్థుడు అన్న ముద్ర.

గొంగడి_భుజం
ఇక్కడే నాకు మండుతుంది మాస్టారూ. వాళ్ళ ఫుల్లర్, టక్కర్, వాకర్ నాలుగైదు తరాల్లో పేరు నుంచి పని రాలిపోయింది, ఎవడూ మిస్టర్ వాకర్‌ని నువ్వు బట్ట తొక్కే జాతా అని అడగడు. మన ఐలమ్మని చూడండి. ఇంటిపేరు చిట్యాల. పాలకుర్తిలో దొరతో తలపడి భూమి నిలబెట్టుకున్న మనిషి. అయినా ఎవరిని అడిగినా చాకలి ఐలమ్మ. చిట్యాల ఐలమ్మ అంటే సగం మందికి తెలియదు.

అడ్డంగా_అడుగుతా
ఇంకోవైపు కూడా చూడండి అన్నా. 1381లో రాజుగారి తలపన్ను మీద తిరగబడ్డ ఇంగ్లండు రైతుల నాయకుడు వాట్ టైలర్, అంటే పెంకులు నేసేవాడు. ఆయన్నీ పనితోనే గుర్తుపెట్టుకున్నారు. మన దగ్గర కోఠి మహిళా యూనివర్సిటీకి 2024లో పెట్టింది కూడా చాకలి ఐలమ్మ పేరే. ఆ మాటని గర్వంగా కూడా నిలబెట్టుకోవచ్చు కదా.

గొంగడి_భుజం
అది ఒప్పుకుంటా. గర్వంగా చెప్పుకోవడం వేరు, వేరేవాడు తగిలించడం వేరు. ఇక్కడితో ఆపుతా, లేకపోతే మాడరేటర్ తాళం వేస్తాడు.

రవ్వట్టు_రాజా
బావమరిది ఫోన్ చేశాడు. "కాళ్ళతో తొక్కారా లేదా? తొక్కడం అంటే ఉన్న చోట నడవడమే" అంటున్నాడు. ఒక బిర్యానీకి రాజీ పడ్డాం.

లంకషైర్_లక్ష్మి
గొంగడి అన్నా, మీ పేరు చూసినప్పటి నుంచి అడగాలనుకుంటున్నా. గొంగడి ఉన్నిదే కదా, మీ వైపు ఎవరైనా తొక్కేవారా?

గొంగడి_భుజం
మా అమ్మని అడిగి వచ్చా. మాది పాలమూరు, గొంగళ్ళు నేసేది కురుమలు, నల్ల గొర్రెల ఉన్ని, పడుగుకి చింతగింజల గంజి. కొత్త గొంగడి అట్టలాగా నిలబడుతుంది, భుజం కోసుకుపోతుంది. అమ్మ చెప్పింది ఏంటంటే, వాగులో బండ మీద పరిచి, కుంకుడు రసం పోసి, మా మేనమామ ఇద్దరు పిల్లల్ని ఎక్కించి తొక్కించేవాడట. చేత్తో పిండితే నీళ్ళ బరువుకి లేవదు కాబట్టి కాళ్ళే దిక్కు. తొక్కినందుకు బెల్లం ముక్క. ఆ పిల్లల్లో ఒకతె అమ్మే. "జారి పడితే ముక్కులోకి కుంకుడు నురగ పోయేది, మీ మామ నవ్వేవాడు" అంది.